గీతకు ఇవతల నిలబడే అమ్మానాన్నలకు

నల్గొండ జిల్లా త్రిపురారం చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలకు ఫుట్‌బాల్ పరిచయమయ్యేది చాలావరకు బడిలోనే, పీఈటీ సారు చేతి మీదుగానే. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ తెలిసినంతగా ఈ ఆట పెద్దవాళ్లకు తెలియదు. అయినా మండల స్థాయి పోటీలో తమ పిల్లగాడి కాలికి బంతి అందిందంటే చాలు, గీత పక్కనున్న తండ్రి గొంతు ఆగదు. "కొట్రా! ఇటు కొట్టు! వానికెందుకు ఇచ్చినవ్?" ప్రేమతోనే అరుస్తారు, సందేహం లేదు. డబ్బు కట్టి కోచింగ్‌కు పంపే ఇళ్లలో ఆ గొంతు ఇంకాస్త పెరుగుతుంది.

ఆ క్షణంలో పిల్లవాడి పరిస్థితి చూడండి. బంతి కాలి దగ్గర ఉంది. ఎదుటి జట్టు కుర్రాడు మీదికొస్తున్నాడు. తనవాళ్లు ఎక్కడున్నారో తలెత్తి చూసుకోవాలి. ఇవ్వాలా, తనే తీసుకుపోవాలా తేల్చుకోవాలి. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. అప్పుడే సారు ఒకటి చెప్తాడు, నాన్న ఇంకొకటి చెప్తాడు. జట్టువాళ్ల వైపు చూడాల్సిన పిల్లవాడు నాన్న ముఖం చూస్తాడు. అంతలో బంతి పోతుంది. ఫుట్‌బాల్‌లో నేర్చుకోవాల్సిన అసలు విద్య ఆ తేల్చుకోవడమే. బయటినుంచి మనమే తేల్చి చెప్తే పిల్లవాడికి మిగిలేది పరుగొక్కటే.

హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడిపంతులు ఉండేవారు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్లకు ఆయనే కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచిందీ ఆయన శిక్షణలోనే. అంతటి మనిషి కుర్రాళ్ల కోసం ఎలాంటి పోటీలు పెట్టారో తల్లిదండ్రులు తెలుసుకోవాలి. ఒక పోటీలో బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ముందుకు పోకూడదు, అందగానే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడివాటం కుర్రాడు ఎడమకాలితో కొడితే ఏమవుతుంది? బంతి ఎటో పోతుంది, ఒక్కోసారి కాలికి సరిగా తగలనే తగలదు. అందరూ తడబడే చోట తడబడితే ఎవరికీ సిగ్గనిపించదు. ఆ చోటు ఆయన కావాలని కల్పించారు. రెండో కాలికి బలం వచ్చేది అలాంటి చోటే.

మన పిల్లలకు ఆ చోటు దక్కాలంటే గీత పక్కన మనం ఊరుకోవాలి. ఎడమకాలితో కొట్టబోయి బంతి పోగొట్టుకున్న పిల్లవాడిని "నీకెందుకురా ఆ షోకు" అన్నామనుకోండి, వాడు మళ్లీ ఆ కాలు ఎత్తడు. వచ్చిన బంతిని వచ్చినట్టే ముందుకు తన్ని చేతులు దులుపుకుంటాడు. గెలుపు కొన్నాళ్లు అలాగే రావచ్చు కూడా, పన్నెండేళ్ల వయసులో ఒళ్లు పెద్దదైన పిల్లలున్న జట్టే ఎక్కువగా గెలుస్తుంది. పదహారు, పదిహేడు వచ్చేసరికి ఒళ్లు అందరికీ వస్తుంది. అప్పటికి కాళ్లలో విద్య ఉన్నవాడే నిలుస్తాడు. చప్పట్లు కొట్టండి, పేరు పెట్టి పిలవండి, ఎదుటి జట్టు పిల్ల మంచి గోల్ కొడితే దానికీ చప్పట్లు కొట్టండి. ఎటు కొట్టాలో మాత్రం చెప్పకండి. విజిల్ వేసే మనిషి పక్క ఊరి బడి పీఈటీయే అయి ఉంటాడు. ఆయన పొరపడినా పెద్దగొంతుతో తిట్టకండి. మరుసటి మ్యాచ్‌లో అవే మాటలు మీ పిల్లవాడి నోట వస్తాయి.

సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేదింట పెరిగిన తులసీదాస్ బలరాం సంగతి నాకెప్పుడూ గుర్తొస్తుంది. రోమ్ ఒలింపిక్స్‌లో గోల్స్ కొట్టిన మనిషి, జకార్తా బంగారు జట్టులో ఒకరు. కుర్రతనంలో రహీం ఆయన్ను ప్రాక్టీసుకు పిలిస్తే, రోజూ అంత దూరం వచ్చిపోయే స్తోమత లేదు. సైకిల్ కిరాయికి డబ్బు రహీమే ఇచ్చారు. దేశంలోకెల్లా బాగా ఆట తెలిసిన గురువు కూడా ఆ కుర్రాడికి ముందుగా ఇచ్చింది దారి ఖర్చులే. ఆట తెలియని తల్లిదండ్రులకు ఇందులో ఎంతో ధైర్యం ఉంది. ఫుట్‌బాల్ నిబంధనలు ఒక్కటీ తెలియకపోయినా మీరు చెయ్యగలిగిన పనే అసలు పని.

పొద్దున ఇంత తిని వెళ్లేలా చూడండి, కానీ ఆటకు ముందు కడుపునిండా వద్దు. నీళ్ల సీసా తప్పనిసరి. మన ఎండల్లో దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. బూట్లు వచ్చే ఏడాదికీ పనికొస్తాయని ఒక సైజు పెద్దవి కొనడం మనందరి అలవాటు. బడి చెప్పుల విషయంలో సరేగానీ, ఆడే బూటు వదులైతే చీలమండ బెణుకుతుంది, వేళ్లు పుండ్లవుతాయి. కొత్తవి కొనలేకపోతే పెద్దపిల్లలు వాడి వదిలేసినవి సరైన సైజువి దొరికినా చాలు. కాలు బెణికితే ఊళ్లో నరం తీసే మనిషి దగ్గరికి పరిగెత్తకండి. ఆట ఆపించి, చల్లటి కట్టు కట్టి, వాపు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. తలకు దెబ్బ తగిలిన పిల్ల "ఏం కాలేదు" అన్నా ఆ రోజు ఇక ఆడకూడదు. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య పదేళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలు బంతిని తలతో కొట్టడాన్నే 2015లో ఆపించింది. చిన్నపిల్లల తల విషయంలో అంత జాగ్రత్త మనకూ అవసరమే.

పొలం పనులవల్ల ఆట చూడలేకపోతే బాధపడకండి. నాగార్జునసాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలి నాట్లు సాగుతున్నప్పుడు పనులు విడిచి ఎవరు రాగలరు? మీరు తప్పక ఉండాల్సింది పిల్లలు ఇల్లు చేరాక. బండి మీద వెనక కూర్చున్నప్పుడో, గడపలో కాళ్లు కడుక్కుంటున్నప్పుడో మన నోట మొదట వచ్చే మాట "గెలిచిన్రా? ఎన్ని గోల్స్ కొట్టినవ్?" దీన్ని మానుకోవడం కష్టమేగానీ, మానుకోండి. ఓడిన పిల్లవాడికి ఆ ప్రశ్నకు జవాబుండదు. గోల్‌కీపర్‌గా నిలబడ్డ పిల్లకు, అరగంట బయట కూర్చుని చివర్లో దిగిన పిల్లకు అసలే ఉండదు. "ఆకలైతుందా బిడ్డా?" అనండి, చాలు. చెప్పాలనుకున్నది అన్నం తింటూ వాళ్లే చెప్తారు. చెప్పకపోతే మరునాడు చెప్తారు. ఏడిస్తే ఏడవనివ్వండి. "ఆటే కదా" అని తేలిక చెయ్యకండి, వాళ్లకది ఆ రోజున్న పెద్ద సంగతి.

టెన్త్ రాగానే ఆట మాన్పించే ఇళ్లు చాలా ఉన్నాయి. సాయంత్రం గంటసేపు ఆట తీసేస్తే ఆ గంట చదువుకే పోతుందన్న నమ్మకం నాకు లేదు, ఫోన్‌కు పోయే అవకాశమే ఎక్కువ. పరీక్షల ముందు నెలా రెండు నెలలు తగ్గించుకుందామని పిల్లలతోనే కూర్చుని మాట్లాడండి. మాన్పించడం కాదు, మాట్లాడుకోవడం. స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ కోసమే ఆడించే ఆలోచన ఉంటే మాత్రం వదిలేయండి. ఆట ఇష్టం లేని పిల్లలు ఆ సర్టిఫికెట్ దాకా వెళ్లరు, వెళ్లేలోపు మీకూ వాళ్లకూ మాటలు చెడతాయి.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య మొదట పరుగు పందేల్లో ఉండేది. తర్వాత ఫుట్‌బాల్‌కు వచ్చి భారత జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు వెళ్లింది. త్రిపురారం తండాల్లోనూ అంత వేగంగా ఉరికే పిల్లలున్నారు. వాళ్లను ఆపేది ఎక్కువగా ఆట కాదు, నిక్కర్ వేసుకోవడం మీద వచ్చే మాటలు, చీకటి పడ్డాక ఇంటికి చేరే దారి. మాటలకు జవాబు ఇంట్లో తండ్రే చెప్పాలి, అదీ పిల్ల వినేటట్టు. దారికి దారి ఉంది. ఒకే వైపు వెళ్లే నలుగురైదుగురు పిల్లల తల్లిదండ్రులు కలిసి ఒక ఆటో మాట్లాడుకోవచ్చు, వంతులేసుకుని ఒకరు వెంట వెళ్లవచ్చు. పోటీలకు పక్క మండలానికి తీసుకెళ్తుంటే వెంట మేడమ్ ఉంటారా, బస ఎక్కడ, తిరిగి ఎన్నింటికి అని పీఈటీ సారును నేరుగా అడగండి. అడిగితే ఆయన తప్పుపట్టడు. మీరు ఆ వివరాలు అడిగి తెలుసుకుంటే, "వద్దులే" అనే మాట మీ ఇంట్లో సగం సార్లు అవసరం పడదు.