గ్రీన్ టీ – ప్రచారమూ, ప్రమాణమూ

తేనీటి చరిత్ర ప్రాచీనమైనది. చైనాలో పుట్టిన ఈ పానీయానికి జపానులో వ్యాప్తి కల్పించినవారిలో ఎయిసాయి అనే బౌద్ధ భిక్షువు ముఖ్యుడు. తేనీరు ఆరోగ్యదాయకమని చెబుతూ ఆయన 1211లో ‘కిస్సా యోజోకి’ అనే గ్రంథాన్ని రచించాడు. నేడు అదే పానీయం స్థూలకాయానికి దివ్యౌషధంగా ప్రచారం పొందుతున్నది. ఈ ప్రచారంలోని సత్యమెంతో పరిశీలించడం అవసరం.

మనం నిత్యం తాగే టీ, గ్రీన్ టీ ఒకే మొక్క ఆకుల నుండి లభిస్తాయి. కోసిన ఆకును వాడనిచ్చి, నలిపి, గాలి తగలనిస్తే అందులోని ఎంజైముల ప్రభావంవల్ల అది నల్లబడుతుంది. ఆకుకు వెంటనే ఆవిరి పట్టినా, పెనంపై వేయించినా ఆ ఎంజైములు పనిచేయవు. అందుచేత ఆకు తన పచ్చదనాన్నీ, కాటెకిన్లనే పదార్థాలనూ అధికంగా నిలుపుకొంటుంది. 1929లో గ్రీన్ టీ నుండి కాటెకిన్‌ను వేరుచేసిన శాస్త్రవేత్త మిచియో త్సుజిమురా అనే జపాను మహిళ. కాటెకిన్లలో ప్రధానమైనది ఇ.జి.సి.జి.

కొవ్వు కరగడానికి తోడ్పడే నార్‌ఎడ్రినలిన్‌ను శరీరంలోని ఒక ఎంజైము విచ్ఛిన్నం చేస్తుంది. కాటెకిన్లు ఆ ఎంజైమును నిరోధిస్తాయనీ, కెఫీన్ వాటికి తోడవుతుందనీ శాస్త్రజ్ఞుల ఊహ. 1999లో జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు పదిమంది ఆరోగ్యవంతులైన యువకులకు గ్రీన్ టీ సారాన్ని ఇచ్చి పరీక్షించారు. ఒక దినంలో వారి శరీరం వ్యయపరచిన శక్తి సుమారు 4 శాతం పెరిగింది. అంతే కెఫీన్‌ను విడిగా ఇచ్చినపుడు ఆ ఫలితం కనిపించలేదు.

అయితే ఒక దినపు ప్రయోగం నెలల తరబడి బరువు తగ్గడానికి ప్రమాణం కాజాలదు. అనేక పరిశోధనలను క్రోడీకరించి 2012లో వెలువడిన కొక్రేన్ సమీక్ష, ఈ తగ్గుదల అత్యల్పమనీ, వైద్యదృష్ట్యా ప్రాధాన్యం లేనిదనీ తేల్చింది.

త్వరగా సన్నబడాలనే ఆతురతతో కొందరు గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రలను ఆశ్రయిస్తారు. ఇక్కడే ప్రమాదం పొంచి ఉన్నది. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఇ.జి.సి.జి.ని మాత్రల రూపంలో తీసుకొంటే కాలేయానికి హాని కలుగవచ్చునని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కాచి తాగే తేనీరు సాధారణంగా సురక్షితమేనని కూడ పేర్కొన్నది. భోజనంతోపాటు తేనీరు తాగితే ఆకుకూరలు, పప్పుల నుండి ఇనుము శరీరానికి సరిగా అందదు. కాబట్టి రక్తహీనత గలవారు రెండింటికీ నడుమ వ్యవధి పాటించాలి.

పాలు, చక్కెర చేర్చని గ్రీన్ టీలో కేలరీలు దాదాపు శూన్యం. తీపి పానీయాలకు బదులుగా దీనిని తాగినవారికి మేలు కలిగితే, అందులో ఆకు మహిమ కంటె మానిన చక్కెర పాలే ఎక్కువ. మితాహారమూ, వ్యాయామమూ చేయవలసిన పనిని ఏ పానీయమూ చేయలేదు.