పరిశోధన గ్రంథాలలో పట్టికల స్వయంచాలక సంఖ్యీకరణ

పట్టికల సంఖ్యలను చేతితో టైపు చేసిన పరిశోధన గ్రంథంలో మధ్యన ఒక కొత్త పట్టిక చేరితే, తరువాతి సంఖ్యలన్నింటినీ మార్చవలసి ఉంటుంది. పాఠంలో ఒక్క ప్రస్తావనను సవరించడం మరచినా, నత్రజని మోతాదును గురించిన వాక్యం వేరొక పట్టికను చూపుతుంది. దానిని అనుసరించి రూపొందించిన సిఫారసు రైతుకు తప్పుగా చేరే ప్రమాదం ఉంది.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో దీనిని నివారించడానికి మొదట అధ్యాయ శీర్షికలకు 'హెడింగ్ 1', ఉపశీర్షికలకు 'హెడింగ్ 2' శైలులను వర్తింపజేసి, వాటిని 'మల్టీలెవెల్ లిస్ట్'తో అనుసంధానించాలి. పిదప 'రెఫరెన్సెస్' ట్యాబ్‌లోని 'ఇన్సర్ట్ క్యాప్షన్' ద్వారా పట్టిక శీర్షికను చేర్చాలి. 'న్యూ లేబుల్' ద్వారా 'పట్టిక' అనే తెలుగు పదాన్నే వాడవచ్చు. 'నంబరింగ్'లో అధ్యాయ సంఖ్యను జోడిస్తే, 4వ అధ్యాయంలోని 3వ పట్టికకు '4.3' వంటి సంఖ్య లభిస్తుంది. పాఠంలోని ప్రస్తావనలను 'క్రాస్ రెఫరెన్స్' ద్వారా మాత్రమే చేర్చాలి.

పట్టికల స్థానం మారినప్పుడు ఈ సంఖ్యలు వెంటనే మారవు. కంట్రోల్, ఏ మీటలతో పాఠమంతటినీ ఎంచుకొని ఎఫ్9 మీటను నొక్కాలి. అప్పుడు, తొలగించిన పట్టికను సూచించే చోట 'ఎర్రర్' అనే సందేశం కనిపిస్తుంది. గ్రంథాన్ని సమర్పించే ముందు ఆ పదం కోసం తప్పక వెదకాలి. చేతితో టైపు చేసిన సంఖ్య ఇటువంటి హెచ్చరికను ఎన్నడూ ఇవ్వదు.