రాజమార్గముపై రాకెట్టు

రాకెట్టు ఆకాశమున కెగయుటను చిత్రములలోనైనను చూడని బాలబాలికలు నేడు అరుదు. కాని ఎగయుటకు ముందు అది నేలపై ఎంతటి ప్రయాణము చేయునో ఎరిగినవారు కొద్దిమందియే. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఈ నేలప్రయాణమును కనిపెట్టి చూచుట కొందరికి ప్రియమైన వ్యాసంగము. పక్షులను పరిశీలించువారు చెరువుగట్టున వేచియుండునట్లు, వీరు రహదారుల ప్రక్కను, ఓడరేవుల యొడ్డునను వేచియుందురు. వీరు చూడగోరునది ఫాల్కన్ 9 అను రాకెట్టు యొక్క మొదటి దశ.

ఫాల్కన్ 9 రెండు దశలు గల రాకెట్టు. దాని మొత్తము ఎత్తు 70 మీటర్లు. క్రింది దశలో 9 ఇంజనులును, పైదశలో ఒక ఇంజనును ఉండును. శుద్ధిచేసిన కిరసనాయిలు, ద్రవ ఆక్సిజను వీనికి ఇంధనసామగ్రి. మొదటి దశ సుమారు రెండున్నర నిమిషములు మండి, పైదశను విడిచి, తిరిగి భూమికి దిగివచ్చును. పూర్వము ఇట్టి దశలు సముద్రములో పడి నశించెడివి. పది ఇంజనులలో తొమ్మిది ఒక్క ప్రయాణముతోనే పోవుట ఎంతటి నష్టమో ఊహింపవచ్చును.

పెద్ద రాకెట్టు భాగములను తరలించు మార్గములలో ముఖ్యమైనవి మూడు: జలమార్గము, రైలుమార్గము, రహదారి. వీనిలో ప్రతి మార్గమును రాకెట్టు రూపముపై తన ముద్రను వేసినది.

చంద్రునిపైకి మానవులను పంపిన సాటర్న్ 5 రాకెట్టు 1967 నుండి 1973 వరకు ఎగిరెను. దాని మొదటి దశ పొడవు 42 మీటర్లు, అడ్డుకొలత 10 మీటర్లు. అంత లావైన వస్తువు రహదారులపైనుండు సాధారణపు వంతెనల క్రింద దూరదు. అందుచే దానిని న్యూ ఆర్లియన్సు నగరమున నిర్మించి, పడవపై ఫ్లారిడాకు చేర్చిరి.

1981 నుండి 2011 వరకు ఎగిరిన స్పేస్ షటిల్ నౌకకు ఇరుప్రక్కలను రెండు ఘన ఇంధన రాకెట్టు లుండెడివి. ఒక్కొక్కటి 45 మీటర్ల పొడవు గలది. ఇవి పని ముగిసిన పిమ్మట పారాచూట్ల సాయమున సముద్రములో దిగెడివి. వానిని ఓడలతో ఒడ్డునకు లాగి తెచ్చి, విడదీసి, మరల ఉపయోగించెడివారు. వీనిలో ఇంధనమును నింపుచోటు దూరముననున్న యూటా రాష్ట్రము. నింపిన రాకెట్టును ఏకముగా రైలుపై పంపుట సాధ్యము గాదు. కావున నాలుగు ఖండములుగా చేసి రైలుపై పంపి, ఫ్లారిడాలో అతికెడివారు.

1986 జనవరి 28వ తేదిని ఒక అతుకు విఫలమయ్యెను. ఆనాటి చలికి అతుకులోని రబ్బరు వలయము బిగిసిపోగా, మండుచున్న వాయువు దానిగుండా వెలికి వచ్చెను. ఛాలెంజర్ నౌక 73 సెకనులలో నాశనమయ్యెను. అందున్న ఏడుగురు వ్యోమగాములును అసువులు బాసిరి. దోషము రైలుమార్గముది కాదు. అతుకును రూపొందించుటలోని లోపము, అంతటి చలిలో ప్రయోగింప నిశ్చయించుట దానికి కారణములు. అతుకులను సవరించి, 1988లో గాని మరల షటిల్‌ను ఎగురవేయలేదు.

ఫాల్కన్ 9 రాకెట్టునకు రహదారియే కొలబద్ద. దాని మొదటి దశ పొడవున సాటర్న్ మొదటి దశకు ఇంచుమించు సాటి రాగలది. కాని దాని అడ్డుకొలత 3.66 మీటర్లు మాత్రమే. అమెరికాలోని పెద్ద రహదారులపై వంతెనల క్రింద సాధారణముగా సుమారు 4.9 మీటర్ల ఎత్తు వదలుదురు. బండి ఎత్తును కూడ లెక్కించినచో మిగులు జాగా స్వల్పము. ఇంతకంటె లావుగా చేసియుండినచో దానిని దేశమునకు అడ్డముగా రహదారిపై తరలించుట దుస్సాధ్యమయ్యెడిది.

ఈ దశను లాస్ ఏంజిలీసు నగరమునకు సమీపముననున్న హాథోర్న్‌లో నిర్మింతురు. అచటినుండి 2,000 కిలోమీటర్లకు పైబడిన దూరమున, టెక్సాస్ రాష్ట్రములోని మెక్‌గ్రెగర్ పరీక్షాక్షేత్రమునకు పంపుదురు. అచట దశను కదలకుండ బిగించి, ఇంజనులను మండించి పరీక్షింతురు. పిమ్మట అది ఫ్లారిడాకు గాని, కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గుకు గాని పోవును.

దారిలో దానిని గుర్తించుట కష్టము కాదు. ముందును వెనుకను హెచ్చరిక దీపములు గల రక్షకవాహనములు నడచును. వాని నడుమ, 40 మీటర్లకు మించిన గుండ్రని స్తంభము వంటి వస్తువు పరుండబెట్టబడి సాగును. తరచుగా దానిని నల్లని పొరతో చుట్టియుంతురు. ముందుభాగమును లారీ లాగుచుండగా, వెనుకభాగము వేరొక చక్రముల బండిపై ఆనియుండును. గంటకు వేలకొలది కిలోమీటర్ల వేగముతో పోవలసిన యంత్రము, మలుపు వచ్చినప్పుడు బరువుబండివలె మెల్లగా తిరుగును.

తిరిగివచ్చిన దశను చూడగోరువారు పోర్ట్ కెనావెరల్ ఓడరేవునకు పోవుదురు. దశ సముద్రముపై నిలిపిన వేదికనౌకపై నాలుగు కాళ్ళతో నిలువుగా దిగును. నౌక రేవునకు చేరగానే క్రేనుతో దానిని ఒడ్డునకు దింపి, కాళ్ళను మడచి, బండిపై పరుండబెట్టి, మరమ్మతుశాలకు తరలింతురు. క్రొత్త దశ తెల్లగా నుండును. తిరిగివచ్చినదానికి మసి పట్టియుండును. దిగునప్పుడు ఇంజనులను ముందుకు నిలిపి మండింపగా వెలువడిన పొగలోనుండియే అది దిగివచ్చుట ఇందుకు హేతువు. మడచిన కాళ్ళచాటున నున్న భాగమునకు మసి అంతగా అంటదు. ప్రతి దశకును ఒక సంఖ్య గలదు. అనుభవము గల పరిశీలకులు మసిచారలను పోల్చి, ఇది ఫలానా దశయని చెప్పగలరు.

ఈ మసి అగౌరవచిహ్నము కాదు. 2015 డిసెంబరులో మొదటిసారిగా ఒక దశ క్షేమముగా నేలపై దిగెను. దానిని మరల ఎగురవేయక హాథోర్న్‌లో స్మారకముగా నిలిపిరి. 2016 ఏప్రిల్‌లో సముద్రముపై దిగిన మరియొక దశ 2017 మార్చి 30వ తేదిని రెండవసారి ఎగిరెను. 2021 ఏప్రిల్‌లో నలుగురు వ్యోమగాములు, అంతకుముందొకసారి ఎగిరివచ్చిన దశపైననే అంతరిక్షమునకు పోయిరి.

అదే సంవత్సరము నవంబరులో రాజా చారి నాయకుడుగా మరి నలుగురు బయలుదేరిరి. ఆయన తండ్రి హైదరాబాదునుండి అమెరికాకు వెళ్ళినవారు. వారిని మోసినది బి1067 అను దశ. అది అంతకుముందు జూన్ నెలలో సరకులను చేరవేసి వచ్చినది. ఆ దశయే 2025 ఆగస్టులో 30వ పర్యాయము ఎగిరెను.

ఒకమారు అగ్నిలో నుండి వచ్చిన యంత్రమును నమ్మి దానిపై మనుష్యులను కూర్చుండబెట్టుట సామాన్యమైన నిర్ణయము కాదు. చిన్న అతుకు ఏడు ప్రాణములను హరించిన చరిత్ర ఎవరును మరువదగినది కాదు. కావుననే ప్రతి యాత్రానంతరమును ఆ దశ రేవునుండి శాలకు నెమ్మదిగా నడచును. అచట దాని ఇంజనులను, కాళ్ళను, లోహపు గోడలను నిపుణులు పరీక్షింతురు. దారిప్రక్కన నిలిచినవారికి కనబడునది మసిపట్టిన గొట్టము మాత్రమే. అది మరల ఎగురునో లేదో తేలునది ఆ శాలలోనే.