తల్లిని విడిచిపెట్టుము
ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 22:6-7

ఈ సెలవుల్లో పక్షులను చూడడానికి మారిషస్ తీరానికి వెళ్తున్నారా? ముందు ఈ రెండు వచనాలు చదవండి.

త్రోవలో పక్షి గూడు కనబడితే పిల్లలను తీసుకోవచ్చు గాని తల్లిని విడిచిపెట్టాలి. తల్లి బ్రతికితే మళ్లీ గూడు కడుతుంది. అనుభవించడానికి దేవుడు అనుమతి ఇచ్చాడు, తుడిచిపెట్టడానికి ఇవ్వలేదు. తల్లిదండ్రులను సన్మానించేవారికి ఇచ్చిన దీర్ఘాయువు వాగ్దానమే (5:16) ఈ చిన్న ఆజ్ఞకూ ఉంది!

ఈ హద్దు దాటితే ఏమవుతుందో మారిషస్ చూసింది. డోడో పక్షి నేలమీద గూడు పెట్టేది. మనుషులు వేటాడారు, ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు గుడ్లు తినేశాయి. 17వ శతాబ్దంలోనే అది అంతరించింది. మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగలైతే 1974లో అడవిలో నాలుగే మిగిలాయి. పిల్లలను పెంచి, గూళ్లను కాపాడినందున నేడు వందల్లో ఉన్నాయి. అలాగే కాపాడిన గులాబీ పావురాలను మహేబూర్ దగ్గరి ఇల్ ఓ ఎగ్రెట్ ద్వీపంలో చూడవచ్చు.

అక్కడ గూటికి దూరంగా నిలబడండి. మేత వేయకండి. ఫోటో కోసం తల్లిపక్షిని బెదరగొట్టకండి.

ఆలోచించండి: ఫలంతో పాటు తల్లిని కూడా మనం ఎక్కడ తీసేసుకుంటున్నాం? నీటి విషయంలోనా, నేల విషయంలోనా, మన దగ్గర పనిచేసేవారి విశ్రాంతి విషయంలోనా? ఒక్క పిచ్చుకనైనా మరువని దేవుడు (లూకా 12:6) దీన్ని చూస్తున్నాడు.