వెలుగును దారి మళ్లించే కొలువులు

హైటెక్ సిటీ అనగానే మన విద్యార్థులకు కోడింగ్ కొలువులే గుర్తొస్తాయి. ఈసీఈ వాళ్లు సైతం ఫైనలియర్‌కు వచ్చేసరికి సొంత బ్రాంచిని పక్కనపెట్టి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు పరుగెడుతున్నారు. సైబరాబాద్ రోడ్ల కిందున్న ఫైబర్‌లో తమ చదువే పనిచేస్తోందని వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ.

అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన డేటా సెంటర్ల రీజియన్‌ను ప్రారంభించింది. అందులో మూడు అవైలబిలిటీ జోన్లు. దేనికదే విడిగా ఉండే ఆ జోన్లను కలిపేది ఫైబరే. జేసీబీ తవ్వకంలో కేబుల్ తెగితే ట్రాఫిక్ వెంటనే మరో దారి పట్టాలి. అందుకు టెలికాం రంగం ఏనాడో పెట్టుకున్న గడువు 50 మిల్లీసెకన్లు.

ఇలా కాంతికి దారి మార్చే సాధనం ఆప్టికల్ స్విచ్. మామూలు స్విచ్ కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చి, ప్యాకెట్ చదివి, మళ్లీ కాంతిగా పంపుతుంది. ఆప్టికల్ స్విచ్‌కు ఆ మార్పిడి అక్కర్లేదు. మెమ్స్ అనే రకంలో చిప్ మీది సూక్ష్మమైన అద్దాలు కాస్త ఒరిగి, ఒక ఫైబర్ నుంచి వచ్చిన కిరణాన్ని మరో ఫైబర్‌లోకి మళ్లిస్తాయి. కిరణంలో ఏ సమాచారం ఉందో అద్దానికి పట్టదు. 100 గిగాబిట్ల లింకును రేపు 400కు పెంచినా అదే అద్దం సరిపోతుంది. కరెంటూ ఆదా. అయితే అద్దం కదలడానికి మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఒక్కో ప్యాకెట్‌కు విడిగా దారి చూపలేదు. దూరప్రాంత డీడబ్ల్యూడీఎం లింకుల్లో ఒకే ఫైబర్‌లో పదుల తరంగదైర్ఘ్యాలు కలిసి వెళ్తాయి. వాటిలో కావలసినదాన్ని విడదీసి మళ్లించేది రోడమ్ అనే పరికరంలోని వేవ్‌లెంత్ సెలెక్టివ్ స్విచ్.

గూగుల్ తన డేటా సెంటర్ల కోసం 136 పోర్టుల మెమ్స్ స్విచ్‌ను సొంతంగా రూపొందించుకుంది. అదే సంస్థ విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని 2025 అక్టోబరులో ప్రకటించింది. డేటా సెంటర్లు పెరిగే కొద్దీ ఈ ఫైబర్లు, స్విచ్‌ల పని తెలిసినవాళ్ల అవసరం పెరుగుతుందనడంలో నాకు సందేహం లేదు.

డిప్లొమా వాళ్లు ఫైబర్లను అతికించే ఫ్యూజన్ స్ప్లైసింగ్, లోపం ఎక్కడుందో చూపే ఓటీడీఆర్ గ్రాఫ్ చదవడం చేత్తో చేసి నేర్చుకోవాలి. పుస్తకంతో వచ్చే విద్య కాదది. గచ్చిబౌలిలోని బీఎస్‌ఎన్‌ఎల్ శిక్షణ కేంద్రంలో విచారించండి. బీటెక్ వాళ్లు నెట్‌వర్క్ ప్లానింగ్, ఆటోమేషన్ వైపు చూడొచ్చు. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల ఫైబర్ ఆప్టిక్స్ పాఠాలు ఉచితం. పైథాన్ కూడా వదలొద్దు, ఎందుకంటే నేటి ఆప్టికల్ నెట్‌వర్కులను నడిపించేదీ సాఫ్ట్‌వేరే. లింకు నాణ్యతను లెక్కగట్టే జీఎన్‌పై అనే ఓపెన్ సోర్స్ టూల్ పైథాన్‌లోనే ఉంది. ఈసీఈ మూడో ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ సెలవుల్లోనే దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని, హైదరాబాద్–విజయవాడ లింకు ఒకటి డిజైన్ చేసి చూడండి.