మద్యము, మత్తు, హత్య

“తాగి ఉండె సార్, సోయి లేకుండె.” హత్యానేరమున పట్టువడినవాని బంధువులు న్యాయవాది కడకు వచ్చినప్పుడు మొట్టమొదట పలుకు మాట సామాన్యముగా నిదియే. దిల్‌సుఖ్‌నగరమునుండి ఎల్బీనగరమువరకు గల పేటల వ్యాజ్యములు నడపువారికిది చిరపరిచితము. ఆ తల్లిగాని యా యన్నగాని బొంకుచున్నారని మేమనము. త్రాగుట నిజమే, ఒడలెరుగకుండుటయు కొంతవరకు నిజము కావచ్చును. కాని తప్పును త్రాగుడుపై మోపినయెడల చేసినవాడు తప్పునుండి తొలగిపోవునను భావము ధర్మమునకును చట్టమునకును సరిపడదు. ఆ భావమును విమర్శించుటకే యీ పాఠమును వ్రాయుచున్నాము.

మొదట చట్టమును చూతము. 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతిలోని 85, 86 సెక్షన్లు ఈ విషయమును నిర్ణయించెను. 2024 జూలై 1వ తేదీన అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవియే 23, 24 సెక్షన్లైనవి. ఒకని కెరుక లేకుండగనో, ఇష్టమునకు విరోధముగనో మత్తుపదార్థమును పట్టించినప్పుడు, తాను చేయుపని యెట్టిదో, అది తప్పో కాదో తెలియలేని స్థితిలో వాడు చేసినది నేరము గాదు. తానై త్రాగినవాని కీ రక్ష లేదు. మత్తులేనివాని కెట్టి యెరుక యుండునో అట్టి యెరుక వానికిని గలదనియే న్యాయస్థానము భావించును.

1956లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పిన బాసుదేవ్ కేసును న్యాయశాస్త్ర విద్యార్థులెల్లరును చదువుదురు. సైన్యమున జమాదారుగా నుండి విరమించిన యొకడు పెండ్లికి పోయెను. పెండ్లికూతురి యింట మధ్యాహ్న భోజనమునకు కూర్చుండబోవుచు, పదునేను పదునారేండ్ల బాలుని కొంచెము జరుగుమనెను. బాలుడు జరుగలేదు. వెంటనే పిస్తోలు తీసి కడుపులో కాల్చెను. మిక్కిలి త్రాగియున్నమాట నిజమే. అయినను తనంతట నడువగలిగెను, మాటలాడగలిగెను. ఎరుకను త్రాగుబోతునకు ఆరోపింపవచ్చును గాని ఉద్దేశమును మాత్రము మత్తుయొక్క పరిమాణమునుబట్టియు, తక్కిన పరిస్థితులనుబట్టియు నిర్ణయింపవలెనని న్యాయమూర్తులు వివరించిరి. ఉద్దేశమే పుట్టజాలనంతటి మత్తు ఇచ్చట రుజువు కాలేదని హత్యానేరమునే స్థిరపరచిరి. మాకు తీర్పుకంటె ఆ వ్యాజ్యమునకు మూలమే యెక్కువ విచారము గలిగించుచున్నది. పగ లేదు, ఆస్తి లేదు; భోజనపంక్తిలో జానెడు చోటు!

మద్యము చేయుపని యిదియే. అది క్రొత్తకోపమును పుట్టించుటకంటె చూపును ఇరుకుచేయుట యధికము. ఎదుటివాని మాట యొక్కటియే వినబడును. రేపటి దినము, తల్లి, ఉరికంబము కనబడవు. పరమేశ్వరుడు ప్రతిహృదయమునందు నిలిపిన యంతరాత్మ హెచ్చరించుచునే యుండును గాని వినవలసిన చెవి మూతపడును. 1948 మొదలు 1952 వరకు ఫిలడెల్ఫియా నగరమున హతులైన 588 మంది వృత్తాంతములను ఉల్ఫ్‌గాంగ్ అను పండితుడు పరిశీలించి 1958లో ప్రకటించెను. నూటికి సుమారు 64 కేసులలో చంపినవాడో, చచ్చినవాడో, ఇరువురునో త్రాగియుండిరి. ఇందు చచ్చినవాని పేరుకూడ నుండుట చదువరులు గమనింపవలెను. కత్తి పట్టినవానిని, పోటు తిన్నవానిని పలుమారు ఒకే బల్లయొద్ద కూర్చుండబెట్టునది సీసాయే.

ఇక మన పేటలకు వత్తము. దిల్‌సుఖ్‌నగరము, చైతన్యపురి, కొత్తపేట సందులలో నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మము జిల్లాల యువకులు చదువులకును ఉద్యోగపరీక్షలకును వచ్చి హాస్టళ్లలో నుందురు. తండ్రి అప్పుచేసి పంపిన రూకలతో బ్రదుకు పిల్లలు వీరు. 2023 ఫిబ్రవరిలో, ఎల్బీనగరమునకు తూర్పుగా విజయవాడ రహదారిపై గల అబ్దుల్లాపూర్‌మెట్ యొద్ద ఒక విద్యార్థి తన స్నేహితునిచేత చంపబడెనను వార్త రాష్ట్రమునెల్ల కలచివేసెను. ఇరువురును కలిసి త్రాగిరనియు, పిమ్మట నిర్జన ప్రదేశమున హత్య జరిగెననియు, కత్తి ముందే కొనబడియుండెననియు పోలీసువారు నాడు ప్రకటించిరి. దోషనిర్ణయము న్యాయస్థానముది గాని మాది గాదు. ఆ ప్రకటన నిజమైనయెడల నిచ్చట మద్యము కోపమునకు హేతువు గాక, నమ్మినవానిని ఏమరుపాటున నుంచుటకు సాధనమైనది. “సోయి లేకుండె” నను మాట యిట్టి చోట నెంతమాత్రమును నిలువదు.

హత్య యనగానే కత్తియే తలపునకు వచ్చును. కారును మరువరాదు. 2016 జూలై 1వ తేదీన పంజాగుట్టలో త్రాగిన విద్యార్థుల కారు విభాజకమును దాటి ఎదుటి కారుపై పడగా, బడినుండి వచ్చుచున్న బాలిక కొన్ని దినములకు మరణించెను. ఆమె బంధువులును ప్రాణములు గోల్పోయిరి. ఈ రాష్ట్రమున 21 ఏండ్లు నిండనివారికి మద్యము విక్రయింపరాదని చట్టము గలదు. బొంబాయిలో త్రాగి కారునడిపి కాలిబాటపై నిద్రించుచున్న ఏడుగురిని చంపినవాని విషయమున, ఇది కేవలము అజాగ్రత్త గాదు, మరణము కలుగునని యెరిగి చేసిన నేరమేయని సుప్రీంకోర్టు 2012లో చెప్పెను. త్రాగి తాళపుచెవి చేతబట్టిన క్షణముననే యెరుక యారంభమగును.

గంజాయి, మత్తుమందుల మాట యేమని యడుగుదురు. ఆంధ్ర, ఒడిషా సరిహద్దు మన్యమునుండి విజయవాడ రహదారిమీదుగా గంజాయి వచ్చి ఎల్బీనగరపు త్రోవన నగరము చొచ్చుచుండుట పోలీసువారు పెక్కుమారులు పట్టి చూపిరి. మత్తుమందునకును హింసకును గల సంబంధము మూడు విధములని గోల్డుస్టీను అను పండితుడు 1985లో విభజించెను: పదార్థమే మతి చెరచుట యొకటి, కొనుటకు డబ్బు లేక దోచుట రెండవది, వర్తకులలో బాకీలకు, హద్దులకు కలుగు పోరు మూడవది. గంజాయి విషయమున మొదటిదానికంటె కడపటిదే భయంకరమని మా యభిప్రాయము. మద్యమున నెల్ల మొదటిదే. కల్లు మరియొక తీరు. తాటిచెట్టు కల్లు చాలక, మత్తెక్కుటకై ఆల్ప్రజోలము, డైజిపాము కలుపుదురు; ఆ కల్లునకు అలవడినవానికి అది హఠాత్తుగా దొరకకపోయిన మూర్ఛలు, పిచ్చిచేష్టలు కలుగును. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి.

ఇచ్చట నొక చేదునిజము చెప్పక తప్పదు. చట్టము నిషేధించిన పొట్లముకంటె చట్టము లైసెన్సిచ్చిన సీసాయే యెక్కువమందిని చంపుచున్నది. 2019లో లోకమున మద్యమువలన 26 లక్షల మంది మరణించిరని ప్రపంచారోగ్య సంస్థ లెక్క; అందు 7,24,000 మరణములు రోడ్డుప్రమాదములు, ఆత్మహత్యలు, కొట్లాటలు మున్నగు గాయములవలననే. తక్కిన మత్తుపదార్థములన్నిటివలన అన్నివిధముల మరణములును కలిపి 6 లక్షలు. తెలంగాణమున పదునేనేండ్లు దాటిన పురుషులలో నూటికి 43 మంది త్రాగుదురని 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే చెప్పుచున్నది. 2023లో 2,620 వైన్ షాపులకై లాటరీ తీయగా 1,30,000కు పైగా దరఖాస్తులు వచ్చి, తిరిగి యీయని రుసుముక్రిందనే సర్కారునకు 2,600 కోట్ల రూపాయలకు మించి చేరెను. అందు పదివేలకు పైబడిన దరఖాస్తులు మన పేటలున్న సరూర్‌నగర్ పరిధికే వచ్చెను. ఆ వర్తకులు లెక్క తెలియనివారు గారు; ఈ సందులలో నెవరెవరు త్రాగుదురో మనకంటె వారికే బాగుగా దెలియును.

అట్లయిన పూర్ణనిషేధమే మేలుగదా యందురు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రోశమ్మగారితో గూడి సారాపాకలను మూయించిరి. 1993 అక్టోబరు 1న సారా రాష్ట్రమంతట నిషేధింపబడెను. 1995 జనవరిలో మద్యమంతయు. 1997లో ఆ నిషేధము సడలింపబడెను. దొంగరవాణా పెరిగెను, బొక్కసము తరిగెను అని కారణములు చెప్పిరి, రెండును నిజమే. అయినను ఆ స్త్రీలు కోరినది బొక్కసపు లెక్క గాదు, రాత్రి దెబ్బలు లేని యిల్లు. పూర్ణనిషేధము పోలీసులచేత నిలువదని మేమొప్పుకొందుము. కాని హాస్టళ్ల సందు మొదట దుకాణము, దానికంటియే పర్మిట్ రూము, ఎదుట ద్విచక్రవాహనముల వరుస! వీనిని తొలగించుటకు నిషేధచట్టము అక్కరలేదు. లైసెన్సు షరతులు చాలును.

మరియొకటి మా వృత్తికి సంబంధించినది. కొట్లాటలో చచ్చినవాని శవమునుండి తీసిన భాగములు పరీక్షకు పోవును, త్రాగియుండెనని తేలును. చంపినవాడు రెండు మూడు దినములకు పట్టుబడును. రక్తములోని మద్యము గంటకు నూరు మిల్లీలీటర్లకు ఇంచుమించు 15 మిల్లీగ్రాముల వంతున హరించిపోవును గావున, వానియందు అప్పటి కేమియు మిగులదు. ఫలితమున చచ్చినవాడే త్రాగుబోతని దస్తావేజు నిలుచును. చంపినవాని మత్తు అక్కరపడినప్పుడు బంధువుల నోటిమాటగా మాత్రమే వచ్చును. నిందితుని వైద్యపరీక్షకు పంపు అధికారము భారతీయ నాగరిక సురక్షా సంహిత 51వ సెక్షనున పోలీసులకు గలదు. హత్య జరిగిన గంటలలోనే దొరికినవాని విషయమున నైనను ఆ రాత్రియే రక్తము తీయింపుమని వ్రాతమూలముగ కోరుట, హతుని పక్షమున నిలుచు న్యాయవాది మొదటిపని.