ఇంజన్ బోరుకొచ్చిందా? ముందు కొలతలు తీయించండి

ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలే పాత పికప్ పొగ కొట్టడం మొదలుపెడితే మేస్త్రీల నోట వచ్చేవి రెండే మాటలు: 'బోరు చేయిద్దాం', లేదంటే 'సెకండ్‌హ్యాండ్ ఇంజన్ దింపుదాం'. దేనికైనా తలూపే ముందు జబ్బేమిటో తేల్చుకోండి.

నల్ల పొగైతే ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు చూపిస్తే సరిపోవచ్చు. తెల్ల పొగతోపాటు రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. నీలం పొగ కొడుతూ, ఆయిల్ తాగుతూ, లోడెక్కిస్తే లాగకపోతే రింగులు, లైనర్లు అరిగి ఉండొచ్చు. టర్బో బండైతే టర్బో సీలు కూడా చూపించండి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. అక్కడ పొగ గుప్పుగుప్పున తంతుంటే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ఏ సిలిండర్ దెబ్బతిందో అంకెల్లో తెలుస్తుంది.

ఇంజన్ విప్పాక లేత్ షాపులో క్రాంక్‌ను, బోరును మైక్రోమీటర్‌తో కొలిపించి, ఆ అంకెలు రాయించుకోండి. బ్లాకు పగలకుండా, క్రాంక్ గ్రైండింగ్‌కు పనికొస్తే బోరు చేయించడమే, అంటే రీబిల్డే మేలు. ఆ ఇంజన్ ఎలా నడిచిందో మీకు తెలుసు, ఆర్సీలో ఇంజన్ నంబరూ మారదు. అరిగిన లైనర్లలో కొత్త రింగులు మాత్రం వేయించకండి. ఆ డబ్బు వృథా.

రాడ్డు విరిగి బ్లాకు పగిలినా, క్రాంక్ పనికిరాకుండా పోయినా ఇంజన్ మార్చడమే దారి. అదే మోడల్ ఇంజన్ వెతకండి. పాత మెకానికల్ పంపు బండిలో కామన్ రైల్ ఇంజన్ పెట్టాలంటే ఈసీయూ, సెన్సర్లు, వైరింగ్ అన్నీ మార్చాలి. స్టార్ట్ చేసి చూపించనిదే అడ్వాన్సు ఇవ్వకండి. బిల్లు, ఆ ఇంజన్ వచ్చిన బండి కాగితాలు తీసుకోండి. ఆర్టీఏ అనుమతితో ఆర్సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించి, ఇన్సూరెన్స్ కంపెనీకీ తెలపండి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి, నంబరు తేడా ఉంటే అక్కడే పట్టుబడతారు.

ఖర్చు లెక్కలో పోయే కిరాయిలు కూడా కలపండి. మిర్చి, పత్తి సీజన్లో బండి షెడ్డులో ఉంటే ఆ నష్టం మేస్త్రీ బిల్లులో కనిపించదు. వీలుంటే పని సీజన్‌కు ముందే చేయించండి. ఛాసిస్ తుప్పు పట్టి, ఇంజన్ ఖర్చు బండి అమ్మకం ధరలో సగం దాటితే రెండూ మానేసి బండి మార్చే ఆలోచన చేయండి.

పాత ఇంజన్ వేడెక్కి పోయినదైతే రేడియేటర్, వాటర్ పంపు బాగుచేయించనిదే మరో ఇంజన్ బిగించకండి. రీబిల్డ్ చేయిస్తే మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం లోడుతోనే తోలి, ఆయిల్ మార్పించండి. గ్యారంటీ ఎన్నాళ్లో, దేనికో బిల్లు మీద రాయించుకోండి. నోటి మాట గ్యారంటీని నమ్మి డబ్బు కట్టకండి.